రంగు చూసి కాదు, కిందికి దూరి చూసి కొనండి

సంపాదకులకు నమస్కారం.

పదిహేనేళ్లు దాటిన బండి అనగానే తుక్కు లెక్కన కిలోల్లో మాట్లాడటం ఈమధ్య మామూలైపోయింది. అదే సమయంలో కుర్రాళ్లు కొందరు ఊరూరా తిరిగి పాత మారుతి జిప్సీలు, మహీంద్రా జీపులు, టాటా సియెరాలు, డిక్కీ వెనక్కి సాగిన ఎస్టేట్ కార్లు వెతుక్కుని మరీ కొంటున్నారు. ముచ్చట మంచిదే. బాధల్లా ఒక్కటే. కొన్న మరుసటి వారమే లక్షలు పోసి పెద్ద టైర్లు, ఇనప బంపర్లు, నెత్తిన అరడజను లైట్లు పెట్టిస్తారు. అడుగున అరిగిన బేరింగుకు మాత్రం వందలు కూడా పెట్టరు. ఏడాది తిరిగేసరికి ఆ బండి చెట్టు కింద ఉంటుంది. సగం ఈ కొనేవాళ్ల కోసం, సగం రవాణా శాఖ కోసం ఈ లేఖ.

జిప్సీలో సుఖమంటూ ఏమీ లేదు. ముందూ వెనకా కమాను పట్టీలే (లీఫ్ స్ప్రింగులు). ఖాళీ బండి గుంతలో పడితే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు. అయినా దానిమీద మోజెందుకంటే, లోపల ఏముందో కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. సుమారు టన్ను బరువు, నిచ్చెనలాంటి ఛాసిస్, ముందొకటి వెనకొకటి దూలంలాంటి యాక్సిలు, నాలుగు చక్రాలకూ శక్తి పంచే విడి ట్రాన్స్‌ఫర్ కేసు. అంతే. 1985 చివర్లో వచ్చిన మొదటి జిప్సీకి 970 సీసీ ఇంజను, 4 గేర్లు. 1993లో ఎడమ కుడి చక్రాల మధ్య దూరాన్ని 90 మిల్లీమీటర్లు పెంచారు. 1996లో 1.3 లీటర్ల ఇంజనుతో, 5 గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బొరేటర్ పోయి 16 వాల్వుల ఇంజెక్షన్ ఇంజను, 80 హార్స్‌పవర్ వచ్చాయి. కొనేముందు ఇందులో ఏది కావాలో తేల్చుకోవాలి. కార్బొరేటర్ బండి ఏ ఊళ్లోనైనా బాగవుతుంది, కాకపోతే పాత చెయ్యి ఉన్న మెకానిక్ దొరకాలి. ఇంజెక్షన్ బండి రోజువారీ తిరగడానికి హాయి.

బండి చూడటానికి వెళ్లినప్పుడు జాకీ, చిన్న టార్చి, గుడ్డ చుట్టిన అయస్కాంతం వెంట ఉండాలి. ముందు చక్రం నేల మీంచి లేపి, టైరును పైన ఒక చేత్తో కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. టకటకమని ఆడితే రెండు అనుమానాలు: వీల్ బేరింగు లేదా కింగ్ పిన్ బేరింగు. తేల్చుకోవడం తేలికే. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్లీ ఊపండి. ఆట పోతే వీల్ బేరింగు. బ్రేకు తొక్కినా ఆడుతుంటే కింగ్ పిన్.

ఈ కింగ్ పిన్ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే జిప్సీ మీద సగం చెడ్డపేరు దీనివల్లే వచ్చింది. యాక్సిలు చివర గుండ్రటి గుండులాంటి హౌసింగు ఉంటుంది. దాన్ని పైనా కిందా రెండు పిన్నులు, రెండు టేపర్ బేరింగులు పట్టుకుంటాయి. చక్రం ఎటు తిరిగినా వీటి మీదే. పిన్ను కింద బిగువు సరిచేసే పల్చటి రేకు బిళ్లలు, అంటే షిమ్ములు, ఉంటాయి. బేరింగు అరిగే కొద్దీ బిగువు పోతుంది. అప్పుడు 60, 70 కిలోమీటర్ల వేగంలో ఒక్క చిన్న గుంత దాటితే చాలు, స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. బండి దాదాపు ఆపితే గానీ ఆగదు. చాలా షెడ్లలో దీనికి చేసే వైద్యం వణుకును అణిచే కొత్త స్టీరింగ్ డ్యాంపర్ బిగించడం. నాలుగు నెలలు వణుకు కనపడదు, రోగం లోపల అలాగే ఉంటుంది. సరైన వరస ఇది: ముందు టైర్ల బ్యాలెన్సింగు, తర్వాత టై రాడ్ ఎండ్లు (స్టీరింగు కడ్డీ కొసల కీళ్లు), తర్వాత కమాను పట్టీల బుష్షులు, అవన్నీ బాగుంటే కింగ్ పిన్. బేరింగు మంచిదే అయితే ఒక షిమ్ము తీసేస్తే బిగువు తిరిగొస్తుంది. బేరింగు ట్రాకు మీద గీతల్లా గుంటలు పడితే మాత్రం షిమ్ముతో పని కాదు, రెండు వైపులా నాలుగూ మార్చాల్సిందే. ఒక వైపే మార్చి డబ్బు మిగిలిందనుకుంటే మళ్లీ విప్పడమే.

అక్కడే ఉన్నారు కాబట్టి ఇంకో పని చేయండి. ఆ గుండు వెనక వైపు, చక్రం లోపలి అంచున వేలితో తుడిచి చూడండి. చిక్కగా, నల్లగా, జిగటగా గ్రీజు అంటుకుంటే కంగారు లేదు. పల్చగా కారుతూ కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది గేర్ ఆయిలు. యాక్సిలు లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్ (యాక్సిలు మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) లోని ఆయిలు గుండులోకి చేరి, అక్కడి గ్రీజును కరిగిస్తోందన్నమాట. దీనికి రెండు నష్టాలు. అటు డిఫరెన్షియల్ ఎండిపోతుంది, ఇటు చక్రాన్ని తిప్పే జాయింటు గ్రీజు లేక అరిగిపోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి ఫోర్ వీల్‌లో మెల్లగా కదిపితే టిక్కు టిక్కుమంటే ఆ జాయింటు పని అయిపోతున్నట్టే. సీలు ఖరీదు ఎంతో లేదు, కానీ దాన్ని మార్చాలంటే గుండు మొత్తం విప్పాలి. అందుకే అమ్మేవాళ్లు దాన్ని ముట్టుకోరు, శుభ్రంగా తుడిచి ఊరుకుంటారు. ఆ భాగం మరీ తళతళలాడుతుంటే బండి 10 కిలోమీటర్లు తిప్పాక మళ్లీ చూడండి.

తుప్పు సంగతి. హైదరాబాద్ బండికీ విశాఖ బండికీ ఇక్కడే తేడా. సముద్రపు గాలి తగిలిన జిప్సీకి ముందు అద్దం ఫ్రేము కింది అంచు, కాళ్ల దగ్గరి ఫ్లోరు, వెనక చక్రాల పైభాగం, బాడీ ఛాసిస్ మీద కూర్చునే రబ్బర్ల చుట్టుపక్కల మొదట తింటుంది. అయస్కాంతం జారిపోయిన చోట రేకు లేదు, పుట్టీ ఉంది. ఫ్లోరు మ్యాటు లేపకుండా డబ్బు ఇవ్వకండి. వాన నీళ్లు మ్యాటు కింద నిలిచి నిలిచి రేకును జల్లెడ చేస్తాయి. ఫ్లోరులో రబ్బరు బిరడాలు ఉంటాయి, వర్షాకాలంలో అవి తీసి నీళ్లు పోనివ్వాలి. ఛాసిస్ వెనక అడ్డపట్టీని సుత్తితో తట్టి వినండి. ఖంగుమంటే మంచిది, బద్దబద్దమంటే లోపల మట్టి, తుప్పు కలిసి కూర్చున్నాయి. బాడీ రేకు ఎంత పోయినా కొత్తది అతికించవచ్చు. ఛాసిస్ పోయిన బండిని మాత్రం ఎంత చవకైనా వదిలేయండి.

కొన్నాక మొదటి ఖర్చు ఆయిళ్లే. జిప్సీ కింగ్ గేర్‌బాక్సుకు 1.3 లీటర్లు, ట్రాన్స్‌ఫర్ కేసుకు 0.8, ముందు డిఫరెన్షియల్‌కు 2, వెనకదానికి 1.5. మొత్తం 5.6 లీటర్లు. చాలామంది ఒకే డబ్బాలోంచి అన్నిట్లోనూ పోసేస్తారు. గేర్‌బాక్సులో గేరు సాఫీగా పడేలా చేసే ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. జీఎల్-5 రకం ఆయిల్లో ఎక్కువగా కలిపే గంధకపు రసాయనాలు ఇత్తడిని తినేస్తాయని భయం. కాబట్టి గేర్‌బాక్సుకు జీఎల్-4, డిఫరెన్షియళ్లకు జీఎల్-5 పోయాలి. పోయడానికి ముందు పైన నింపే బిరడా విప్పి చూసుకోండి. పాత ఆయిలు కార్చేశాక ఆ బిరడా కదలనని మొరాయిస్తే, ఖాళీ గేర్‌బాక్సుతో షెడ్డులోనే చిక్కుకుపోతారు. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకోవాలి.

వాగులు దాటే సరదా ఉన్నవాళ్లకు ఒక మాట. మారేడుమిల్లి దారుల్లోనో పాడేరు ఏజెన్సీలోనో గంటసేపు ఎక్కి దిగిన యాక్సిలు కాలిపోతూ ఉంటుంది. దాన్ని తటాలున చల్లటి నీళ్లలో దింపితే లోపలి గాలి కుంచించుకుని బ్రీదర్ (యాక్సిలు గాలి పీల్చే సన్నటి రంధ్రం) గుండా, సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. ఇంటికొచ్చాక డిఫరెన్షియల్ ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే కారణం అదే. వెంటనే మార్చాలి. ఒడ్డున పది నిమిషాలు ఆగి దిగితే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది. బ్రీదర్‌కు పొడుగు ట్యూబు తగిలించి బానెట్ లోకి తీసుకెళ్తే ఇంకా మంచిది. ఆ ట్యూబుకయ్యే ఖర్చు ఒక లైటు బల్బు కన్నా తక్కువే.

ఫోర్ వీల్ లివరు చూపించి గొప్పలు పోవడం కోసం తారు రోడ్డు మీద వేసేవాళ్లున్నారు. ఈ బండ్లలో ముందు, వెనక యాక్సిళ్ల మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, వెనకవి తక్కువ. మట్టిలో అయితే చక్రం జారి ఆ తేడా సర్దుకుంటుంది. తారు మీద జారదు, ఆ మెలి అంతా షాఫ్టుల్లో, గేర్లలో బిగుసుకుంటుంది. తర్వాత లివరు టూ వీల్‌కు రమ్మన్నా రాదు. అప్పుడు బలం ప్రయోగించి లాగకుండా, స్టీరింగు నిటారుగా పెట్టి నాలుగు గజాలు వెనక్కి నడిపితే దానంతటదే వదులుతుంది.

ఇక పెద్ద టైర్లు. జిప్సీ కింగ్‌కు కంపెనీ ఇచ్చింది 205/70 ఆర్15, అంటే ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. మోజుపడి వేయించేది ఎక్కువగా 235/75 ఆర్15, సుమారు 733 మిల్లీమీటర్లు. దాదాపు 10 శాతం తేడా. స్పీడోమీటరు 60 చూపిస్తుంటే బండి 66లో ఉంటుంది. ప్రతి గేరూ 10 శాతం బరువెక్కుతుంది, కాబట్టి ఘాట్‌లో మూడో గేరుతో ఎక్కే చోట రెండుకు దిగాలి. బ్రేకులు అవే, ఆపాల్సిన చక్రం బరువు పెరిగింది. ఆ బరువంతా పైన చెప్పిన కింగ్ పిన్ బేరింగుల మీదే. అది చాలదన్నట్టు యాక్సిలు పైకి కమాను పట్టీలు ఎక్కించి బండిని లేపుతారు. స్టీరింగ్ రాడ్ ఏటవాలు అవుతుంది, గుంత వచ్చిన ప్రతిసారీ బండి దానంతటది పక్కకు లాగుతుంది, బ్రేకు గొట్టాలు చాలక బిగుసుకుంటాయి. అంగుళం ఎత్తు కావాలంటే ముందు పాత కమాను పట్టీలు సాగిపోయాయేమో చూడండి. మంచి పట్టీలు వేస్తే పోయిన ఎత్తు చాలాసార్లు తిరిగొస్తుంది.

పెట్రోలు సంగతి కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసినదే. కార్బొరేటర్ కాలపు రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు దీన్ని తట్టుకోవడానికి చేసినవి కావు, ఉబ్బుతాయి, పగుళ్లిస్తాయి. ఇథనాల్ గాల్లోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ఇనప ట్యాంకు లోపలినుంచి తుప్పు పడుతుంది. పైగా ఇథనాల్ కలిసినప్పుడు మండటానికి గాలి తక్కువ చాలు. కార్బొరేటర్ జెట్టు (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రం) మారదు కాబట్టి గాలికి తగ్గ ఇంధనం అందక మిశ్రమం పల్చబడి ఇంజను వేడెక్కుతుంది, పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. చేయాల్సిన పనులు: ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్చడం, ఏడాదికోసారి ఫిల్టరు మార్చడం, జెట్టు ఒక సైజు పెంచి ప్లగ్గు రంగు చూసుకోవడం. ప్లగ్గు మట్టి రంగులో ఉంటే సరిపోయినట్టు, తెల్లగా ఉంటే ఇంకా పల్చగా ఉన్నట్టు. నడపని బండిని ట్యాంకు నింపి ఉంచాలి. ఖాళీ జాగా తగ్గితే తేమా తగ్గుతుంది.

మహీంద్రా జీపుల గురించి ఒకటి రెండు మాటలు. ఎంఎం540లో ఉండే 2,112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజను మొండి ఘటం. దానికి నీళ్లలో నిలబడే లైనర్లు, అంటే పిస్టన్లు ఆడే గొట్టాలు. లైనరు కింది రబ్బరు రింగులు పాతబడితే నీళ్లు ఆయిల్లోకి దిగుతాయి. ఆయిలు కొలిచే డిప్‌స్టిక్ మీద తెల్లటి నురుగు కనిపిస్తే బేరమాడకుండా వచ్చేయండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే బండి స్టార్ట్ చేయించి చూడాలి. హీటర్ ప్లగ్గులు పోయినవాళ్లు కొనేవాడు రాకముందే ఇంజను వేడిచేసి పెడతారు. సంతలకు జనాన్ని మోసి మోసి వచ్చిన జీపైతే వెనక కమాను పట్టీలు లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినదానికన్నా ఎక్కువుంటే దాని ఛాసిస్ ఎంత బరువు మోసిందో అవే చెబుతాయి.

వ్యాగన్ల, అంటే మొదట చెప్పిన ఎస్టేట్ కార్ల, తీరు వేరు. అంబాసిడర్ ఎస్టేట్ దగ్గర్నుంచి 1992 నాటి టాటా ఎస్టేట్, ఫియట్ వీకెండ్, ఓపెల్ కోర్సా స్వింగ్, మారుతి బలెనో ఆల్చురా, ఇండిగో మెరీనా దాకా మన దగ్గర ఏ వ్యాగనూ నిలదొక్కుకోలేదు. డిక్కీ విడిగా పొడుచుకొస్తేనే కారు అనుకునే దేశం మనది. అందుకే ఇవి ముందు సగం మామూలు కారు, వెనక సగం అనాథ. ఆల్చురాకు ఇంజను, క్లచ్, సస్పెన్షన్ సామాను చాలావరకు బలెనో సెడాన్‌ది సరిపోతుంది. వెనక అద్దం, వెనక లైటు, డిక్కీ తలుపు దానికి మాత్రమే సొంతం. కాబట్టి వ్యాగన్ కొనేటప్పుడు వెనకనుంచి మొదలుపెట్టి ముందుకు చూడాలి. ఇంజను పొగ వదిలినా సర్దుకోవచ్చు, వెనక లైటు పగిలితే దేశమంతా గాలించాలి. 1991లో వచ్చిన సియెరాదీ అదే కథ. దాని అందమంతా వెనక పైకి వంగిన పక్క అద్దాల్లో ఉంది, తలనొప్పీ అక్కడే ఉంది. అద్దం చుట్టూ రబ్బరు ఎండి నీళ్లు దిగితే లోపలి రేకు కనపడకుండా కుళ్లుతుంది. 2025లో అదే పేరుతో కొత్త బండి వచ్చింది కదా అని దాని అద్దాలు దీనికి వస్తాయని ఆశపడకండి. రెంటికీ చుట్టరికం పేరులోనే.

వ్యాగన్ డిక్కీ తలుపు నెత్తిన పడుతుంటే దాన్ని ఎత్తి పట్టే గ్యాస్ స్ట్రట్‌లు పోయాయని అర్థం. వాటి గొట్టం మీద న్యూటన్లలో బలం ముద్రించి ఉంటుంది. ఆ అంకె, రెండు కొసల మధ్య పొడవు సరిపోతే వేరే కారు స్ట్రట్ కూడా పనిచేస్తుంది. సామాను పొడుగైందని ఆ తలుపు తెరిచి నడపడం మాత్రం ప్రమాదం. వ్యాగన్ వెనక గాలి సుడి తిరిగి సైలెన్సర్ పొగను లోపలికి లాగుతుంది. తలుపు సీలు పాడైనా అంతే. సీలుకూ రేకుకూ మధ్య కాగితం పెట్టి తలుపు వేసి లాగండి, ఎక్కడ తేలిగ్గా జారి వస్తే అక్కడ సీలు పోయింది.

ఇప్పుడు చట్టం. ముస్తాబు మోజున్నవాళ్లు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒకసారి చదవాలి. ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. జిప్సీకి మిలిటరీ ఆకుపచ్చ రంగు వేయించడం ఫ్యాషనైంది గానీ, రక్షణ శాఖవి కాని బండ్లకు ఆ ఆలివ్ గ్రీన్ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధన 121 సూటిగా చెబుతోంది. సైన్యం వేలంలో అమ్మిన జిప్సీ అయితే వేలం కాగితాలు, విడుదల పత్రం అసలువి చేతికి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి. ఛాసిస్ నంబరును రంగు గీకి చూసి కాగితంతో పోల్చుకోవాలి. వేరే రాష్ట్రం బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచుకోవాలంటే ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించాల్సిందే. ఢిల్లీలో చవగ్గా వచ్చిందనుకున్న బండికి ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం), ఇక్కడి పన్ను కలిపి లెక్కేసుకుంటే ఆ చవక ఎంతో తెలుస్తుంది.

రవాణా శాఖకు మా విన్నపం ఇదీ. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగింపు రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 నుంచి 5,000 రూపాయలకు పెంచారు. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటితే 10,000. పొడిగింపు అయిదేళ్లకోసారి. రోజూ పొగ కక్కుతూ తిరిగే బండికి ఇది సబబే. కానీ ఆదివారం పొద్దున ఒక్కటే బయటికి వచ్చే సియెరాకూ అదే లెక్క. మరోవైపు 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వీఏ అక్షరాలతో వేరే నంబరు, 20,000 రూపాయల రుసుము, ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతుల వంటి పనులకు మాత్రమే రోడ్డెక్కే అనుమతి. బాగానే ఉంది. అయితే దానికి అర్హత 50 ఏళ్లు. మొట్టమొదటి జిప్సీ 2035లో గానీ ఆ వయసుకు రాదు. సియెరా 2041లో, జిప్సీ కింగ్ 2046లో. 15 ఏళ్లకూ 50 ఏళ్లకూ మధ్య ఉన్న బండికి రుసుము కట్టి పొడిగించుకోవడమో, తుక్కు దారో తప్ప వేరే గుర్తింపే లేదు.

25 లేదా 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు మధ్యలో ఒక మెట్టు పెట్టమని కోరుతున్నాం. ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే అని పరిమితి పెట్టండి, బాడుగకు తిప్పకూడదనండి, ఫిట్‌నెస్ పరీక్ష కఠినంగానే చేయండి, రుసుము మాత్రం తగ్గించండి. ఈ నిబంధనలు కేంద్రానివే అయినా, రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలూ ప్రతిపాదన పంపడానికి అడ్డేమీ లేదు. ముస్తాబు చేసేవాళ్లు కూడా ఒకటి గమనించాలి. వింటేజ్ గుర్తింపు కావాలంటే ఛాసిస్‌కు గానీ బాడీకి గానీ ఇంజనుకు గానీ పెద్ద మార్పులు జరిగి ఉండకూడదని ఆ నిబంధనల్లోనే రాసి ఉంది. ఇవాళ గ్యాస్ కట్టరుతో కోసేసిన వెనక బంపరు, పారేసిన అసలు సీట్లు, తుక్కుకు వేసిన కార్బొరేటర్ అప్పుడు అడుగుతారు. విప్పిన ప్రతి సామానుకూ చీటీ కట్టి అటక మీద దాచిపెట్టండి.

ఈలోగా రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడుతున్నవాళ్లు ఫారం 25 (పొడిగింపు దరఖాస్తు) గడువుకు 60 రోజుల ముందే వేయవచ్చు. ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు రోజు హారన్, వైపర్, హ్యాండ్ బ్రేకు, నంబరు ప్లేటు లైటు చూసుకోండి. పాత జిప్సీలు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఆ నాలుగింటి దగ్గరే.

ఇట్లు,
పాత జీపులు, వ్యాగన్ల అభిమానులు,
హైదరాబాద్, విశాఖపట్నం